పంతొమ్మిదో సూది

ఈ రాత్రి అమ్మకి 19వ సూది. ఇంకా 16 మిగిలాయి. ఏ రోజు ఎటు పొడిచానో క్యాలెండర్ గళ్ళలో రాసుకుంటున్నా. రాయడం మర్చిపోయినా ఫర్వాలేదు, బొడ్డుకి అటూ ఇటూ కమిలిన మచ్చలే చెబుతాయి.

బాత్రూంలో జారి తుంటి ఎముక విరిగితే రాడ్డు వేశారు. నా భయమంతా ఆపరేషన్ గురించే. డిశ్చార్జి రోజు డాక్టరుగారు మాత్రం "ఎముక అతుక్కుంటుందమ్మా, కాలి నరాల్లో రక్తం గడ్డకట్టకుండా చూసుకోండి. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది" అన్నారు. అందుకే 35 రోజులు రక్తం గడ్డకట్టనివ్వని ఎనోక్సాపారిన్ సూది, రోజుకి 40 మిల్లీగ్రాములు. సిరంజిలో గాలి బుడగ కనబడితే తీసేయబోయాను. నర్సు నా చెయ్యి పట్టుకుని ఆపింది. మందు చివరి చుక్కదాకా లోపలికి తోసేది అదేనట. పొడిచాక రుద్దకూడదని కూడా చెప్పింది. ఇంటికొచ్చిన మొదటి రోజే అలవాటుకొద్దీ దూదితో రుద్దేశాను. అరచేతంత నల్లబడింది.

ఆస్పిరిన్ సరిపోదా అని తమ్ముడి గోల. 2023లో అమెరికా, కెనడాల్లో ఎముకలు విరిగిన 12,000 మందికి పైగా రోగుల్ని చూస్తే, మరణాల లెక్కలో ఇలాంటి సూదికి ఆస్పిరిన్ ఏమీ తీసిపోలేదట. నిజమే, డాక్టరుగారూ ఒప్పుకున్నారు. కానీ వాళ్ళ సగటు వయసు 45 లోపు, అమ్మకి 74. సూదే ఉండనివ్వమన్నారు.

మధ్యాహ్నం ఎదురింటి పిన్నిగారు బత్తాయిలు పట్టుకొచ్చి, "కాలు కదపకు వదినా, నెల్లాళ్ళు మంచం దిగకు" అని చెప్పి వెళ్ళారు. అంతే, సాయంత్రం వాకర్ ముట్టుకోనంది అమ్మ. నాకు ఒళ్ళు మండింది. ఆపరేషన్ మర్నాడే లేపి నిలబెట్టారు కదా! కదిలితేనే పిక్క పిండినట్టయి రక్తం పైకి పోతుంది, పడుకుంటే అక్కడే నిలిచిపోతుంది. ఇదంతా చెప్పినా చెవికెక్కలేదు. చివరికి "మిషను తొక్కమ్మా" అన్నా. ముప్పయ్యేళ్ళు వీధంతటికీ జాకెట్లు కుట్టిన మనిషి. పడుకునే పాదాలు పైకీ కిందికీ ఆడించడం మొదలుపెట్టింది. సీరియల్లో ప్రకటనలు వచ్చినప్పుడల్లా ఒక జాకెట్టు లెక్క. రాత్రి భోజనానికి వాకర్ పట్టుకుని తనే వచ్చింది.

పడుకోబోయే ముందు ఆవిడ కుట్టు టేపుతోనే పిక్కలు కొలిచా. ఆపరేషనైన కాలు అర అంగుళం ఎక్కువ, మొదట్నుంచీ అంతే. వేడి లేదు, నొప్పి లేదు, ఆయాసం లేదు.

ఈ మందు పంది పేగుల నుంచి తీసిన, రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్‌తో చేస్తారని నిన్ననే చదివాను. కార్తీకమాసంలో ఉల్లిపాయ కూడా ముట్టదు మా అమ్మ.

"ఏం కలుపుతారే ఇందులో, ఇంత మంట?" అంది సూది దిగుతుంటే.

"మందే అమ్మా" అన్నా.