డిస్క్ నొప్పి, పదివేల లోపు గేమింగ్ కుర్చీ

స్కాన్ రిపోర్టులో ఉన్నది ఒక్క ముక్క: నడుం దగ్గర 4, 5 పూసల మధ్య డిస్క్ ఎడమ పక్కకి ఉబ్బి ఎల్5 (అయిదో నడుం పూస) నరం మొదలుని ఒత్తుతోంది. ఒంట్లో అది ఎడమ పిర్రలో మొదలై, తొడ వెనక నుంచి పిక్క బయటి పక్కకి తిరిగి, పాదం మీదుగా బొటనవేలి దాకా పాకే నొప్పి. దగ్గినా తుమ్మినా కాలంతా జివ్వుమనేది. బొటనవేలు పైకెత్తి పడితే కుడికాలి వేలికున్న బలం ఎడమదానికి లేదు. పడుకుంటే నొప్పి తగ్గేది, నడిస్తే కొంత తగ్గేది, కూర్చుంటే పది నిమిషాల్లో తిరగబెట్టేది. పర్లాకిమిడిలో ఇంట్లోనే ఉండి రోజుకి 8 గంటలు కంప్యూటర్ పని చేసుకునేవాడికి చిక్కంతా అక్కడే.

ఈ రకం సయాటికా (నడుం నుంచి కాల్లోకి పాకే నరం నొప్పి) చాలామందికి ఆపరేషన్ లేకుండానే 6 నుంచి 12 వారాల్లో నెమ్మదిస్తుంది. నాకు పూర్తిగా 12 పట్టింది. అందులో కుర్చీ వల్ల జరిగిన మేలెంత, చెరుపెంత అన్నది కొలతలతో సహా రాస్తున్నాను. మన ఊళ్ళో గేమింగ్ కుర్చీని కూర్చుని చూసి కొనే వీలు నాకు దొరకలేదు, ఫొటో చూసి తెప్పించుకోవడమే. ఫొటోలో కనపడనివే నడుముని ఏడిపిస్తాయి.

ముందు ఒక మాట. మూత్రం రాక బిగబట్టినట్టున్నా, తెలియకుండా పోతున్నా, తొడల సందున తిమ్మిరెక్కినా, నడుస్తుంటే పాదం వేలాడి చెప్పు జారిపోతున్నా కుర్చీ సంగతి పక్కన పెట్టి అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్ళండి. అక్కడ రోజుల లెక్క కాదు, గంటల లెక్క.

మొదటి రెండు వారాలు నేను అసలు ఏ కుర్చీ జోలికీ పోలేదు. అలాగని మంచానికి అతుక్కుపోకూడదు కూడా. ఒకటి రెండు రోజులు మించి పూర్తి విశ్రాంతి తీసుకుంటే కోలుకోవడం ఇంకా ఆలస్యమవుతుంది. పక్కకి తిరిగి పడుకుంటే మోకాళ్ళ మధ్య దిండు, వెల్లకిలా పడుకుంటే మోకాళ్ళ కింద దిండు. రెండేసి గంటలకి ఒకసారి లేచి అయిదారు నిమిషాలు నడక. తిండికి తప్ప కూర్చోవడం లేదు. బోర్లా పడుకుని మోచేతుల మీద లేచే వ్యాయామం చేయించినప్పుడు ఫిజియోథెరపిస్టు చెప్పిన గుర్తు నాకు చివరిదాకా పనికొచ్చింది: "కాల్లో నొప్పి నడుములోకి ఎక్కొస్తే మంచిదేనండి, నడుం కాస్త ఎక్కువ నొచ్చినా కంగారు పడకండి. నడుములోంచి కాల్లోకి దిగిందంటే మాత్రం ఆపేయండి." తర్వాత కుర్చీని కూడా ఈ గుర్తుతోనే పరీక్షించాను. కాసేపు కూర్చున్నాక నొప్పి పిక్కలోకి దిగితే ఆ సర్దుబాటు తప్పు. పిర్ర దగ్గరే ఆగితే ఫరవాలేదు.

కూర్చుంటే ఎందుకు తిరగబెడుతుందన్న దానికి పాత కొలతలున్నాయి. స్వీడన్ డాక్టరు ఆల్ఫ్ నాకెమ్సన్ డిస్క్‌లోకి సూది పంపి లోపలి ఒత్తిడి కొలిచాడు. నిలబడినప్పుడు 100 అనుకుంటే, ఆనుకోకుండా కూర్చుంటే 140, కూర్చుని ముందుకి వంగితే 185. 1999లో జర్మనీలో విల్కే బృందం మళ్ళీ కొలిచినప్పుడు, వదులుగా కూర్చున్నంత మాత్రాన ఒత్తిడి నిలబడినప్పటి కంటే పెరగలేదు, బాగా వెనక్కి వాలితే ఇంకా తగ్గింది. ముందుకి వంగితే చెరుపని మాత్రం ఇద్దరి లెక్కా చెబుతోంది. కాబట్టి నడుం నొప్పి ఉన్నవాళ్ళకి కుర్చీ చెయ్యాల్సిన పని ఒక్కటే: వీపు ఆనుడుకి ఆనే ఉండాలి, మనిషి తెర వైపు వంగకూడదు. ఈ ఒక్క పనిలోనే చవక గేమింగ్ కుర్చీలు తప్పుతాయి.

ఎందుకంటే వీటి రూపం రేసు కారు సీటుది. కారు మలుపు తిరిగినప్పుడు మనిషి పక్కకి జారకుండా ఆ సీటుకి రెండు పక్కలా రెక్కలు లేపుతారు. ఇంట్లో కూర్చున్నవాడు ఏ మలుపూ తిరగడు. ఆ రెక్కలు తొడల్ని లోపలికి నొక్కుతాయి, వాటి లోపలి ఇనప కడ్డీ తొడ పక్కన తగులుతుంది. నాకు నొప్పున్న ఎడమ తొడకే తగిలింది. ప్రకటనలో సీటు వెడల్పు 52 సెంటీమీటర్లు అని ఉంటుంది. రెక్కల బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలిస్తే అంతే ఉంది. రెక్కల మధ్య కూర్చునే చోటు కొలిస్తే 34. కూర్చున్నప్పుడు నా తుంటి వెడల్పు 37.

అందుకే కొనేముందు టేపు కుర్చీకి కాదు, ఒంటికి పెట్టాలి. గట్టి స్టూలు మీద చెప్పుల్లేకుండా కూర్చుని, ఇంకొకరి చేత నాలుగు కొలతలు తీయించుకోండి. నావి ఇవి, ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు: నేల నుంచి మోకాలి వెనక మడత దాకా 40 సెంటీమీటర్లు, పిర్రల వెనక నుంచి ఆ మడత దాకా 45, తుంటి వెడల్పు 37, సీటు నుంచి మోచెయ్యి దాకా 22.

ఇప్పుడు లెక్క. మామూలు బల్ల ఎత్తు 75. మోచెయ్యి బల్ల మట్టానికి రావాలంటే సీటు 53కి ఎత్తాలి. అప్పుడు పాదాలు 13 సెంటీమీటర్లు గాల్లో వేలాడతాయి. వేలాడితే సీటు అంచు తొడ కింద నొక్కుతుంది, మనిషి తెలియకుండా ముందుకి జారతాడు, నడుం గూనిలా వంగిపోతుంది. నేను వడ్రంగి చేత బల్ల కాళ్ళు 4 సెంటీమీటర్లు కోయించాను. బల్ల 71కి వచ్చింది. సీటు, మనిషి కూర్చుని ఫోమ్ నలిగాక, 49. పాదాల కింద 9 కావాలి: పక్కపక్కన పడుకోబెట్టిన ఇటుకలు రెండు, వాటి మీద ఒకటిన్నర సెంటీమీటర్ల పలక. మొత్తం ఖర్చు 200 రూపాయల లోపే. కుర్చీ కంటే ముందు ఈ పని చేసి ఉంటే ఒక వారం నొప్పి తప్పేది.

సీటు లోతు 49 ఉంది. మోకాలి మడతకీ సీటు అంచుకీ మధ్య రెండు మూడు వేళ్ళ సందు ఉండాలి, అంటే నాకు 41 చాలు. మిగిలిన 8 సెంటీమీటర్లు వెనక నుంచి నింపాలి. కుర్చీతో పాటు వచ్చే నడుం దిండు దీనికి పనికిరాదు. అది మధ్యలో 10 సెంటీమీటర్ల బుడిపె. నడుముని ఒక్కచోట ముందుకి తోస్తుంది, కింద తుంటి వెనక ఖాళీ అలాగే ఉంటుంది. దాని పట్టీ కూడా గంటకోసారి కిందికి జారుతుంది. తీసి పక్కన పెట్టేశాను. సోఫాలు కుట్టే ఆయన ఒకరి చేత గట్టి ఫోమ్‌తో వెనక దిమ్మ చేయించాను: 45 ఎత్తు, 35 వెడల్పు, కింద 8 మందం, పైకి వచ్చేసరికి 4. నడుం వంపు దగ్గర పల్చగా చుట్టిన తుండుగుడ్డ చాలు. ఆయనే సీటు నొక్కి చూసి, "లోపలిది పల్చటి సరుకు బాబూ, ఏడాదికల్లా కూర్చుండిపోద్ది" అన్నాడు. ఫోమ్‌లో చూడాల్సింది మెత్తదనం కాదు, సాంద్రత. ఘనపు మీటరుకి 30 కిలోల చుట్టూ ఉన్నది తొందరగా అణగారిపోతుంది, 45 పైన ఉన్నది నిలుస్తుంది. ధర చవకైన కుర్చీల్లో ఈ అంకె ఎక్కడా రాయరు. అడిగితే చెప్పనివాళ్ళ దగ్గర తక్కువదే అనుకోవాలి. సీటు గుంటలో 40 సాంద్రత హెచ్‌ఆర్ (నొక్కి వదిలితే వెంటనే లేచే రకం) ఫోమ్ 4 సెంటీమీటర్ల పలక పరిచాక తొడలు రెక్కల మట్టానికి లేచాయి, ఇనప కడ్డీ తగలడం ఆగింది. ఈ ఒక్క మార్పుతో కూర్చోగలిగే సమయం 15 నిమిషాల నుంచి 25కి పెరిగింది.

బిగించే పని. పెట్టె 20 కిలోలు దాటి ఉంటుంది. డిస్క్ నొప్పి ఉన్నవాళ్ళు దాన్ని ఎత్తకూడదు, కింద కూర్చుని బోల్టులు తిప్పకూడదు. పక్కన నిలబడి చెప్పండి, చేసేవాళ్ళు ఇద్దరుండాలి. ఒక ప్రమాదం గురించి ముందే హెచ్చరించాలి. వీపు పలకని సీటుకి కలిపే కుడి పక్క ఇనప ముక్కలో బలమైన స్ప్రింగు ఉంటుంది. వీపు పలక బిగించకముందు ఆ పక్కనున్న లివర్ లాగితే ఆ ముక్క కత్తెరలా ఎగిరి వచ్చి మూసుకుంటుంది. వేలు పోతుంది. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి.

వీపు పలకకి నాలుగు బోల్టులు. ముందు నాలుగూ చేత్తోనే మూడేసి చుట్లు ఎక్కించాలి, ఆ తర్వాతే అలెన్ కీతో ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. మొదటిది గట్టిగా బిగించేస్తే నాలుగోదానికి రంధ్రం కుదరదు. కుదరనిదాన్ని బలవంతంగా తిప్పితే మర వంకరగా కోసుకుపోతుంది. నాకు కుడి వెనక బోల్టు అలాగే అయింది. కంపెనీవాళ్ళకి ఫొటోలు, వీడియో పంపించాక విడి బోల్టు రావడానికి 19 రోజులు పట్టింది, వచ్చింది పొట్టిది. చివరికి ఇనప సామాన్ల కొట్లో 8 మిల్లీమీటర్ల బోల్టు కొని, లేత్ దగ్గర మర తీయించాల్సి వచ్చింది. బోల్టు తల కింద ముందు స్ప్రింగు వాషర్, దాని కింద చదును వాషర్. చాలామంది ఇది తిరగేస్తారు. వారం తర్వాత ఒకసారి, ఆపైన నెలకోసారి మళ్ళీ బిగించాలి, ఎందుకంటే కొత్త ఫోమ్, రెక్సిన్ నలిగి బోల్టు కింద సందు వస్తుంది.

సీటుని ఎత్తీ దించే గ్యాస్ లిఫ్ట్ గొట్టం మీద క్లాస్ 3, క్లాస్ 4 అని అచ్చు ఉంటుంది. 4 మంచిది. పరీక్ష ఇలా: సీటుని పై దాకా ఎత్తి, గొట్టం మీద టేపు ముక్క అంటించి, ఒక పూట పని చేసుకున్నాక చూడండి. దానంతటదే దిగుతుంటే లోపలి సీలు పోయినట్టే. దాన్ని విప్పకూడదు, లోపల ఒత్తిడితో నింపిన నైట్రోజన్ ఉంటుంది. మార్చడమే. కింద 50, పైన 28 మిల్లీమీటర్ల కొలత ఉన్న గొట్టం దాదాపు అన్ని ఆఫీసు కుర్చీలకీ ఒకటే కనుక విడిగా దొరుకుతుంది. పైపు రెంచితో మెలితిప్పి లాగితే పాతది ఊడుతుంది.

చక్రాల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. టైల్స్ మీద గట్టి నైలాన్ చక్రాలు జారతాయి. లేచేటప్పుడు కుర్చీ వెనక్కి పోతే ఒంట్లో పడే ఆ ఒక్క కుదుపు రెండు రోజుల నొప్పి. కింద రబ్బరు చాప వేయండి, లేదా 11 మిల్లీమీటర్ల కాడ ఉన్న మెత్తటి పీయూ (పాలీయురేథేన్) చక్రాలు పెట్టండి.

వాలు గురించి. 2006లో స్కాట్లాండులోని ఆబర్డీన్‌లో 22 మంది ఆరోగ్యవంతుల్ని కూర్చోబెట్టి ఎంఆర్‌ఐ తీస్తే, నిటారుగా 90 డిగ్రీల్లో కంటే 135 డిగ్రీల వాలులో డిస్క్ తక్కువ కదిలింది. ఆ వాలులో టైపు చెయ్యడం కుదరదు, మెడ ముందుకి వస్తుంది. నేను పనికి 105 దగ్గర, ఫోన్ మాట్లాడేటప్పుడు, చదివేటప్పుడు 135 దగ్గర పెట్టుకున్నాను. ఈ వీపు వంచే లివర్ ఒక్కటే గేమింగ్ కుర్చీలో నిజంగా నచ్చిన భాగం. అదే డబ్బుకి వచ్చే జాలీ ఆఫీసు కుర్చీలు చాలావాటికి ఇంత వాలు ఉండదు. అయినా ఇంకా కొననివాళ్ళకి నా మాట: రెక్కలు లేని చదును సీటున్న జాలీ కుర్చీయే తీసుకోండి. కొనేసినవాళ్ళ కోసమే పైన రాసినదంతా.

కూర్చునే సమయం ఇలా పెంచాను. మూడో వారం నుంచి 15 నిమిషాలు కూర్చుని 5 నిమిషాలు నడక. ఆరో వారానికి 25, తొమ్మిదికి 40, పన్నెండుకి 45. అక్కడ ఆపేశాను. ఇక పెంచను. సాయంత్రం మహేంద్రతనయ నది ఒడ్డున నడక, మొదట 10 నిమిషాలు, తర్వాత 35. నొప్పి వెళ్ళిన తోవ కూడా వరుసగానే ఉంది: నాలుగో వారంలో పాదం వదిలింది, ఏడులో పిక్క, పదకొండులో తొడ. వెల్లకిలా పడుకుని కాలు చాచి ఎత్తితే మొదట 35 డిగ్రీలకే పట్టేసేది, ఇప్పుడు 70 దాటుతోంది. బొటనవేలి బలం వచ్చింది. పాదం మీద రూపాయి బిళ్ళంత చోట తిమ్మిరి మాత్రం ఉండిపోయింది. నరం తేరుకోవడానికి నెలలు పడుతుందని డాక్టరు చెప్పారు.

రెక్సిన్‌కి మన వర్షాకాలం సరిపడదు. గాలిలో తేమకి, చెమటకి పైపొర పొలుసుల్లా లేస్తుంది. స్పిరిట్‌తోనో శానిటైజర్‌తోనో తుడిస్తే ఇంకా తొందరగా. తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టి, సీటు మీద నూలు తుండుగుడ్డ పరిస్తే చాలు. నాది ముందు అంచున తొడలు రాసుకునే చోట అప్పుడే గరుకెక్కింది. ఇప్పుడు అయిదో నెల. ఆ మర పోయిన కుడి వెనక బోల్టు నెలనెలా పావు చుట్టు వదులవుతోంది, ఈసారి స్ప్రింగు వాషర్ తీసి నైలాన్ నట్టు వేసి చూడాలి.