గుట్టపూసల హారం: ముత్యాలు రాలకుండా మళ్ళీ కడుతున్నాను

మొదటి ఆదివారం

మా వదిన సీమంతానికి నేను చేసిచ్చిన హారంలోంచి భోజనాల వేళకే పదకొండు ముత్యాలు రాలిపోయాయి. నాలుగు ఆమె చీర కుచ్చిళ్ళలో దొరికాయి. "పర్లేదులే, ఎవరూ చూడలేదు" అంది వదిన. నాకు మాత్రం మనసు ఊరుకోలేదు. హారం తిరిగి తెచ్చుకుని, రాలిన చోటల్లా భూతద్దం పెట్టి చూశాను.

పతకం మీద అతికించినవి ఊడిన చోట సూపర్ గ్లూ తెల్లటి పొరలా అలాగే ఉంది. లోహానికి పట్టుకుంది, ముత్యాన్ని వదిలేసింది. ఆ జిగురు క్షణాల్లో పడుతుంది కానీ ఎండాక గాజులా పెళుసు. మెడ కదిలిన ప్రతిసారీ పతకం కాస్త వంగుతుంది, పైగా చెన్నై ఉక్కపోత, చెమట. అది తట్టుకోలేదు. అంచున వేలాడే గుత్తుల్లో కథ వేరు. హెడ్ పిన్ (ముత్యం జారకుండా ఒక కొన గుండీలా ఉండే సన్నటి తీగ) చివర వంచిన కొండీలు సన్నగా తెరుచుకుని, ఆ సందులోంచి ముత్యాలు జారిపోయాయి.

ఆ సాయంత్రం అత్తయ్య పెట్టెలోని బంగారు గుట్టపూసలు తీయించి వెనక్కి తిప్పి చూశాను. అంచు ముత్యాల్లో ఎక్కడా జిగురు చుక్క లేదు. ఒక్కో ముత్యంలోంచి సన్నటి తీగ, ఆ తీగ కొండీలోకి, కొండీ మెడకు రెండు చుట్లు. వేలాడేదాని బరువు మోయాల్సింది తీగ, దారం. అతికించి కూర్చోబెట్టిన రాయి కదలకుండా చూడటమే జిగురు పని. నేను రెండు పనులూ జిగురు మీదా, సగం వంచిన పిన్ను మీదా పెట్టాను.

రెండో వారం

మన్నడి మెట్రోలో దిగి ప్యారీస్ వీధుల్లో తిరిగాను. కావాల్సినవన్నీ రెండు కొట్లలోనే దొరికాయి: 0.5 మి.మీ. హెడ్ పిన్నులు, 0.8 మి.మీ. మందం, 4 మి.మీ. వెడల్పున్న ఇత్తడి జంప్ రింగులు (తెరిచి మూయగల చిన్న రింగులు), గేర్ వైరు (దండ గుచ్చే, పూత ఉన్న సన్నటి ఉక్కు వైరు), 2 మి.మీ. క్రింప్ పూసలు (వైరు మీద నొక్కి బిగించేవి). పోయినసారి వాడిన రింగులు వేళ్ళతో నొక్కితేనే వంగేవి. ఈసారి కొట్లోనే ఒకటి తీసి నొక్కి చూసి కొన్నాను. మగ్గం వర్కుకు వాడే సన్నటి జర్దోసీ స్ప్రింగు కూడా ఒక పొట్లం తీసుకున్నాను. ఎందుకో కింద చెబుతాను.

మూడో వారం

ఈ వారమంతా కొండీలే. గుత్తికి 5 ముత్యాలు, మొత్తం 54 గుత్తులు, అంటే 270 ముత్యాలు. ఒక్కోదానికి రెండు నిమిషాల లెక్కన తొమ్మిది గంటల పని.

పిన్నులోకి 3 మి.మీ. ముత్యం ఎక్కించి, ముత్యానికి పైన 2 మి.మీ. తీగ వదిలి, అక్కడ పక్కకి మడవాలి. ఆ వదిలిన కొంచెమే తర్వాత చుట్టడానికి చోటు. రౌండ్ నోస్ ప్లయర్ (గుండ్రటి ముక్కున్న పటకారు) కొనకి తీగను తిప్పితే కొండీ వస్తుంది. కొండీని ప్లయర్‌తో అడ్డంగా పట్టుకుని, మిగిలిన తోకను ఆ 2 మి.మీ. మెడ చుట్టూ రెండుసార్లు, కుదిరితే మూడు, పక్కపక్కనే బిగుతుగా చుట్టాలి. ముత్యాన్ని తాకేదాకా చుట్టి ఆపాలి. ఇంకా బిగిస్తే ముత్యం పైపూత పగులుతుంది, నావి మూడు అలా పోయాయి. తోక కత్తిరించాక మిగిలే ముల్లును లోపలికి నొక్కకపోతే పట్టుచీర దారాలు లాగేస్తుంది. వేలి కొనతో తడిమి, గుచ్చుకోకపోతేనే పక్కన పెడుతున్నాను.

ఇలా చుట్టిన కొండీ మామూలుగా లాగితే తెరుచుకోదు. ఇక మిగిలిన బలహీనమైన చోటు జంప్ రింగు. దాన్ని రెండు ప్లయర్లతో పట్టుకుని ఒక కొన ముందుకి, ఒక కొన వెనక్కి తిప్పి తెరవాలి. కొనల్ని పక్కలకి సాగదీస్తే గుండ్రం పోతుంది, మళ్ళీ పూర్తిగా మూసుకోదు. అయిదు ముత్యాలూ, పతకం అంచు రంధ్రమూ ఎక్కించాక కొనల్ని కాస్త లోపలికి నొక్కుతూ అటూ ఇటూ కదిపితే ఒకదానికొకటి రాసుకుని 'టిక్'మంటాయి. అప్పుడు నైలాన్ దారం ఒకటి రింగులో వేసి చుట్టూ తిప్పుతాను. దారం సందులోంచి బయటికొస్తే మళ్ళీ మూయాల్సిందే. మొదటి రోజు 12 రింగుల్లో 4 ఇలా దొరికిపోయాయి.

నాలుగో వారం

పతకం మీద అతికించేవాటికి ఆరల్డైట్ (రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ జిగురు) వాడాను. రెండు ట్యూబులూ సమానంగా తీసి కలిపి, టూత్‌పిక్‌తో పెట్టాలి. అంతకు ముందు రాయి అడుగునూ లోహాన్నీ శాండ్‌పేపర్‌తో గరుకు చేసి స్పిరిటుతో తుడిచాను. వేలి జిడ్డు తగిలినా పట్టు తగ్గుతుంది. కిటికీ తెరిచి ఉంచి, 24 గంటలు ముట్టుకోలేదు.

దండ గేర్ వైరు మీద కట్టాను. కొక్కెం తగిలే చోట వైరు రోజూ లోహానికి రాసుకుని అరిగిపోతుంది. అందుకే ఆ వంపులో సెంటీమీటరు జర్దోసీ స్ప్రింగు తొడిగాను, రాపిడి అది పడుతుంది. క్రింప్ పూసలో రెండు వైర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పక్కపక్కనే ఉంచి నొక్కి, మిగిలిన తోకను 2 సెంటీమీటర్ల మేర పూసల్లోకే తిరిగి పంపాను. నొక్కే ముందు దండను మెడలా వంచి చూసుకోవడం ముఖ్యం. బల్ల మీద తిన్నగా ఉంచి బిగిస్తే, మెడలో వంగినప్పుడు పూసలు ఒకదాన్నొకటి తోసుకుని వైరు మీద భారం పడుతుంది.

నిన్న రాత్రి దండను మేకుకి తగిలించి, కొక్కెం దగ్గర 200 గ్రాముల తూకం రాయి కట్టి వదిలాను. పొద్దున చూస్తే క్రింపు జరగలేదు. పూర్తయిన గుత్తులు 38. మిగిలినవి 16, అంటే ఇంకా 80 కొండీలు.