సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్: వర్కింగ్ మెమరీ, డోపమైన్ అంశాన్ని నేను చదివిన తీరు

కోచింగ్ కోసం హైదరాబాద్ వెళ్లే వీలులేక కావలిలోనో, ఒంగోలులోనో, నెల్లూరులోనో ఉండి సొంతంగా నెట్‌కు (సైన్స్‌లో పరిశోధక ఫెలోషిప్‌కూ, అధ్యాపక అర్హతకూ జరిగే జాతీయ పరీక్ష) సిద్ధమవుతున్న మిత్రులకు ఒక అంశం గురించి వివరంగా చెప్పాలనుకుంటున్నాను. సిలబస్‌లో గ్రాహకాలు (కణం రసాయన సంకేతాన్ని అందుకునే ప్రోటీన్లు), సెకండ్ మెసెంజర్లు (ఆ సంకేతాన్ని కణం లోపల చేరవేసే అణువులు) నాలుగో యూనిట్‌లోనూ, నాడీ వ్యవస్థ ఏడో యూనిట్‌లోనూ, మెదడు చర్యలను నమోదు చేసే పద్ధతులు పదమూడో యూనిట్‌లోనూ ఉంటాయి. కావలిలో చదువుకునే రోజుల్లో నేను ఈ మూడింటినీ వర్కింగ్ మెమరీ చుట్టూ కలిపి చదివాను. విశ్లేషణ కోరే పార్ట్-సి ప్రశ్నల మీద పట్టు దొరికింది అప్పుడే.

సమాచారాన్ని కొద్ది సెకన్ల పాటు మనసులో నిలుపుకొని దానితో పనిచేయగలగడమే వర్కింగ్ మెమరీ. నాలుగు స్టేట్‌మెంట్లను గుర్తుంచుకుంటూ ఆప్షన్లతో సరిచూసుకునేటప్పుడు మనం వాడేది దాన్నే. 1971లో ఫస్టర్, అలెగ్జాండర్ కోతుల ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో (నుదుటి వెనుకనున్న మెదడు భాగం), చూపిన సూచన మరుగైన తరువాత కూడా చురుకుగా ఉండే న్యూరాన్లను (నాడీకణాలను) గమనించారు. 1979లో బ్రొజోస్కీ, గోల్డ్‌మన్ తదితరులు అక్కడి డోపమైన్‌ను (న్యూరాన్ల మధ్య సంకేతాలు అందించే రసాయనం) బాగా తగ్గించగా, ఆ కార్టెక్స్‌నే తొలగించినప్పుడు కలిగేంత నష్టం వర్కింగ్ మెమరీకి కలిగింది. డోపమైన్ పనిని అందించే మందులు ఇవ్వగా ఆ నష్టం చాలావరకు సరిదిద్దబడింది.

ఇంతవరకే చదివి, డోపమైన్ పెరిగితే జ్ఞాపకశక్తి పెరుగుతుందని రాసుకున్న నోట్సులు మన మధ్య చాలా తిరుగుతున్నాయి. దయచేసి అలా రాసుకోకండి. డోపమైన్‌కూ వర్కింగ్ మెమరీకీ ఉన్న సంబంధం తలకిందులైన ఆంగ్ల 'యు' అక్షరం ఆకారంలో ఉంటుంది. పెన్నా ఆయకట్టులో మడికి నీరు చాలకపోయినా, ఎక్కువై నిలిచిపోయినా పైరు దెబ్బతిన్నట్లే, ఇక్కడా రెండు కొసలూ నష్టమే. 2007లో వెలువడిన కోతుల ప్రయోగాల్లో, డోపమైన్ గ్రాహకాల్లో ఒకటైన డీ1ను కొద్దిగా ప్రేరేపించినప్పుడు, ఒక్కో దిశలోని సూచనను గుర్తుంచుకునే న్యూరాన్ తనకు సంబంధంలేని దిశలకు ఇచ్చే స్పందన తగ్గి అసలు సంకేతం స్పష్టమైంది; మోతాదు పెంచినప్పుడు అసలు సంకేతమే అణిగిపోయింది. డీ1 గ్రాహకం జీఎస్ అనే జీ ప్రోటీన్ (గ్రాహకం నుంచి సంకేతాన్ని లోపలికి అందించేది) ద్వారా సైక్లిక్ ఏఎంపీ అనే సెకండ్ మెసెంజర్‌ను పెంచుతుందని నాలుగో యూనిట్‌లో చదివిన మాట ఇక్కడ పనికొస్తుంది.

ఇలాంటిదే మరో రసాయనమైన నారడ్రినలిన్ కథ మనకు మరింత దగ్గరిది. అది మితంగా ఉన్నప్పుడు ఆల్ఫా-2ఎ గ్రాహకం జీఐ ప్రోటీన్ ద్వారా సైక్లిక్ ఏఎంపీని తగ్గిస్తుంది, దానివల్ల తెరుచుకునే హెచ్‌సీఎన్ చానళ్లు (న్యూరాన్ పొరలోని అయాన్ మార్గాలు) మూసుకుంటాయి, ప్రీఫ్రంటల్ న్యూరాన్ల మధ్య అనుసంధానం బలపడుతుంది. తీవ్రమైన ఒత్తిడిలో అదే రసాయనం అధికమై, దానితో అంతగా బంధించుకోని ఆల్ఫా-1 గ్రాహకాలను కూడా ప్రేరేపించడంతో ప్రీఫ్రంటల్ కార్టెక్స్ పని కుంటుపడుతుంది. పరీక్ష హాలులో తెలిసిన జవాబు కూడా అందకుండాపోవడానికి ఇది ఒక కారణమని నేను నమ్ముతున్నాను. అందుకే మాక్ టెస్టులను ఇంట్లో తీరిక దొరికినప్పుడు కాకుండా, పరీక్ష జరిగే వేళకే, మూడు గంటలూ లేవకుండా కూర్చొని రాయమని గట్టిగా చెబుతాను.

ఇక పద్ధతుల యూనిట్‌కు వస్తే, మెదడు చర్యను చూపే ఎఫ్ఎంఆర్ఐ స్కాన్ కొలిచేది రక్తంలోని ఆక్సిజన్ స్థాయికి సంబంధించిన సంకేతాన్నే తప్ప డోపమైన్‌ను కాదు. గ్రాహకాల లభ్యత తెలియాలంటే రేడియోధార్మిక లైగాండ్‌తో (గ్రాహకానికి అంటుకునే పదార్థం) పెట్ స్కాన్ చేయాలి. ప్రీఫ్రంటల్ చర్య ఎక్కువగా కనిపించినంత మాత్రాన పనితీరు మెరుగైందని కూడా అనలేం, ఎందుకంటే అదే పనిని తక్కువ చర్యతో నెరవేర్చే మెదడు సమర్థంగా పనిచేస్తూ ఉండవచ్చు.

తోటి అభ్యర్థి ఒకరు దొరికితే ఇలా సాధన చేయండి: ఒకరు గ్రాహకం పేరు, మోతాదు చెప్పాలి, రెండోవారు జీ ప్రోటీన్‌ను, సైక్లిక్ ఏఎంపీలో మార్పును, న్యూరాన్ స్పందనను వరుసగా చెప్పి, పుస్తకం చూడకుండా తలకిందులైన 'యు' వక్రరేఖ మీద స్థానం గుర్తించాలి.