పెన్‌డ్రైవ్‌లో రాయబారం

పార్వతీపురం దాటి కొండ వైపున్న మా ఊళ్లో ఫోన్ మాట్లాడాలంటేనే మేడ ఎక్కాలి. నాన్నకేమో సంక్రాంతికి టీవీలో రాయబారం సీను చూడాలని ఉంది. ఆయన మెచ్చిన నాటక బృందం వీడియో యూట్యూబ్‌లో ఉంది. ప్రీమియం కొన్నా అది యాప్‌లోనే ఉంటుంది తప్ప పెన్‌డ్రైవ్‌లోకి రాదు.

లింకు ఇస్తే వీడియో దింపిపెట్టే సైటొకటి పట్టుకున్నాను. మూడు డౌన్‌లోడ్ బటన్లుంటే మూడూ యాడ్లే. నాలుగోది నొక్కితే వీడియో బదులు ఏదో సాఫ్ట్‌వేర్ దిగింది. అది తీసి పారేసి, కమాండ్ కొడితే వీడియో దింపిపెట్టే వైటీ-డీఎల్‌పీ వేసుకున్నాను. 2006లో మొదలైన యూట్యూబ్-డీఎల్ నుంచి చీలి వచ్చిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఇది. కోడ్ ఎవరైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు. 2020 అక్టోబరులో అమెరికా సంగీత కంపెనీల సంఘం నోటీసు పంపితే, కోడ్ అందరికీ అందుబాటులో పెట్టే సైటు గిట్‌హబ్ ఆ పాతదాన్ని తీసేసింది, నవంబరులో మళ్లీ పెట్టింది.

కమాండ్ కొట్టగానే జావాస్క్రిప్ట్, అంటే వెబ్‌సైట్లు పంపే కోడ్, నడపడానికి ఏదీ లేదని హెచ్చరిక. 2025 చివరి నుంచి యూట్యూబ్‌కి ఆ కోడ్ నడిపే డెనో లాంటిది కూడా ఉండాలంటున్నారు. అది వేస్తుంటే ఒకటి తట్టింది. డెనో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే, వైటీ-డీఎల్‌పీ కూడా అంతే. కానీ వాటి చేత నడిపించేది గూగుల్ వాళ్ల యూట్యూబ్ ప్లేయర్ కోడ్. దాన్ని మార్చుకునే హక్కు మనకు లేదు. సైటు పంపే ఇలాంటి జావాస్క్రిప్ట్‌ను తెలియకుండానే నడిపేస్తున్నామని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ ఎప్పటి నుంచో మొత్తుకుంటున్నాడు. నిజమే, బ్రౌజర్‌లో రోజూ నడిచేదీ ఇదే. ఇక్కడైతే కనీసం డెనో దాన్ని నా ఫైళ్ల జోలికి పోనివ్వదు. పూర్తిగా శుద్ధమని అనను గానీ, ఆ నాలుగో బటన్ కంటే నయం.

మైనస్ పక్కన పెద్ద ఎఫ్ కొడితే ఫార్మాట్ల పట్టిక వచ్చింది. అందులో 135 నంబరుది బొమ్మ, 140 శబ్దం; ఆ రెండూ ఎంచుకున్నాను. వాటిని కలిపే ఎఫ్ఎఫ్ఎంపెగ్ సాఫ్ట్‌వేర్ వేయడం మరిచిపోయాను కాబట్టి రెండూ విడివిడి ఫైళ్లుగా దిగాయి. శాంపిల్‌కని బొమ్మ ఫైలు వాట్సాప్‌లో పంపితే, నాన్న మేడ మీద నుంచి ఫోన్: "ఒరే, కృష్ణుడు నోరు కదుపుతున్నాడు, పద్యం ఏదిరా?" ఎఫ్ఎఫ్ఎంపెగ్ వేశాక రెండూ ఒక్క ఎంపీ4గా కలిశాయి. మా పాత టీవీకి అదే పడుతుంది.

అయితే అసలు టెన్షన్ నిబంధనలది. యూట్యూబ్ తానిచ్చిన డౌన్‌లోడ్ సదుపాయం తప్ప వేరే దారిలో దింపుకోవద్దంటుంది. వీడియోకి, ఇతరులూ వాడుకోవచ్చని ముందే అనుమతిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సూ లేదు. కోడ్ స్వేచ్ఛగా ఉన్నంత మాత్రాన పద్యం పాడినాయన కష్టం నాదైపోదు కదా. యూట్యూబ్‌తో నా పేచీ ఎలాగూ తెగదు, కనీసం ఈయన్నయినా అడుగుదామనిపించింది. వీడియో కింద నంబరుంటే చేశాను. హార్మోనియం వాయించే పెద్దాయన ఎత్తారు.

"మా నాన్నగారు చూడ్డానికండీ, ఇంకెక్కడా పెట్టను."

"చూసుకోండి బాబూ, వేరే ఛానల్లో మాత్రం ఎక్కించకండి," అన్నారు. కాసేపాగి, "ఒరిజినల్ ఉన్న ఫోన్ పోయింది. ఛానల్ పాస్‌వర్డ్ మనవడికే తెలుసు, వాడు కువైట్‌లో ఉన్నాడు. నాకూ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి పంపుతారా?" అని అడిగారు.

రెండు పెన్‌డ్రైవ్‌లు కొన్నాను.