తేజ వేసినా, 334 వేసినా

మార్చి రెండో ఆదివారం, రాత్రి 10:20

పొద్దున ఆరింటికే మెలకువ వచ్చేసింది. శుక్రవారం ఆఫీసులో విన్న మాట ఇంకా తలలో తిరుగుతోంది. మా ప్రాజెక్టు జూన్ తర్వాత ఉంటుందో లేదో క్లయింటు ఇంకా తేల్చలేదట. బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేకుండా ఖాళీగా, కూర్చోవడం నాకు కొత్త కాదు. 44 ఏళ్ళ వయసులో, అబ్బాయి ఇంటర్ రెండో ఏడు పరీక్షలు రాస్తున్నప్పుడు కూర్చోవాల్సి రావడం మాత్రం కొత్త.

కూకట్‌పల్లి రైతుబజారుకు వెళ్ళి కూరగాయలు తెచ్చాను. టిఫిన్ అయ్యాక పాత నోటుబుక్కు తీసి, డీమ్యాట్ ఖాతాలో ఉన్న షేర్లన్నీ ఒక్కొక్కటిగా చేత్తో రాశాను. యాప్‌లో రోజూ చూసేవే. కానీ అక్కడ ఇవాళ ఏది పెరిగింది, ఏది తగ్గింది అన్నదే కళ్ళకు కడుతుంది. దేంట్లో ఎంత డబ్బుందో పట్టించుకోం.

మొత్తం 38 లక్షలు, 27 కంపెనీలు. ఆ 27 అన్న అంకె చూసుకునే ఇన్నాళ్ళూ ధైర్యంగా ఉన్నాను. డబ్బంతా ఒకేచోట పెట్టలేదు కదా అనుకునేవాణ్ణి. పక్కన శాతాలు వేసుకుంటూ పోతే అసలు సంగతి బయటపడింది. ఐటీ కంపెనీలు నాలుగే, కానీ 41 శాతం. అందులో నేను పనిచేసే కంపెనీ ఒక్కటే 24 శాతం. ఏళ్ళుగా వాళ్ళిచ్చిన షేర్లు, పెరుగుతున్నాయి కదా అని నేను కొంటూ పోయినవి కలిసి అంతయ్యాయి. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ఐదు కలిపి 22 శాతం. ఇంకో నాలుగు కంపెనీలు 28. మిగిలిన 14 కలిపినా 9 శాతమే.

ఆ పద్నాలుగింటిలో ఒక్కోదాంట్లో సగటున 24 వేలున్నాయి. ఒకటి రెట్టింపైనా మొత్తం మీద ముప్పావు శాతం కూడా కలవదు. ఎవరో చెప్తే కొన్నవి కొన్ని, కంపెనీ తొలిసారి షేర్లు అమ్మే ఐపీఓలో అలాట్ అయితే అమ్మకుండా ఉంచేసినవి కొన్ని. వాటిలో సగం కంపెనీలు ఏం అమ్మి సంపాదిస్తాయో చెప్పమంటే నేను చెప్పలేను. పేర్లేమో పెరిగిపోయాయి, డబ్బేమో రెండు మూడు చోట్లే పేరుకుపోయింది.

మా ఆవిడ పక్కనే కూర్చుని చింతచిగురు బాగుచేస్తోంది. నోటుబుక్కు ఆవిడ వైపు తిప్పి చూపించాను. కాసేపు చూసి, "మీ కంపెనీకి గడ్డు రోజులొస్తే జీతానికీ ఇబ్బందే, ఈ షేర్లకీ ఇబ్బందే కదండీ. రెండూ ఒకేసారి వస్తే ఏం చేద్దాం?" అంది.

నా దగ్గర జవాబు లేదు. పదిహేనేళ్ళకు పైగా షేర్లు కొంటున్నాను, ఈ ప్రశ్న నేను ఒక్కసారి కూడా వేసుకోలేదు. 2022లో ఇది కొంచెంగా జరిగింది కూడా. ఆ ఏడాది పెద్ద కంపెనీల సూచీ నిఫ్టీ 50 నాలుగు శాతం దాకా పెరిగితే, నిఫ్టీ ఐటీ సూచీ దాదాపు నాలుగో వంతు పడిపోయింది. అదే ఏడాది మాకు వేరియబుల్ పే, అంటే జీతంలో పనితీరును బట్టి ఇచ్చే భాగం, సగమే వచ్చింది. షేర్లు పడినప్పుడు జీతంతో ఇంకొన్ని కొందామని పెట్టుకున్న ప్లాన్, జీతమే తగ్గితే ఎక్కడ పనిచేస్తుంది?

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేవాడికి ఈ మాట ఇంకొకరు గుర్తు చేయాల్సిన అవసరం లేదు నిజానికి. 2009 జనవరి 7న ఇక్కడి ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్ లెక్కల్లో లేని డబ్బు చూపించామని దాని ఛైర్మన్ రామలింగరాజు ఉత్తరం రాసిన రోజు నాకు బాగా గుర్తు. నేను అప్పుడు వేరే కంపెనీలో చేరి రెండేళ్ళు. క్యాంటీన్ టీవీ ముందు అందరం నిలబడిపోయాం. ముందురోజు 179 దగ్గరున్న షేరు ఆ సాయంత్రానికి 40కి వచ్చింది. అంతకుముందు సెప్టెంబరులోనే ఆ కంపెనీకి మంచి పాలన పేరుతో గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు. పెద్ద కంపెనీల సూచీ సెన్సెక్స్‌లో ఉన్న కంపెనీ అది. బాగా చదివి, విచారించి కొన్నవాళ్ళకు కూడా తెలిసే వీల్లేదు, ఎందుకంటే చదవాల్సిన లెక్కలే తప్పు. జీతమూ, దాచుకున్న షేర్లూ రెండూ అక్కడే ఉన్న ఉద్యోగుల పరిస్థితి ఆ రోజు ఎలా ఉండి ఉంటుందో అప్పుడు నాకు తట్టలేదు. ఇవాళ నోటుబుక్కులో 24 శాతం పక్కన అదే లెక్క వేసి చూశాను. అంత పతనం వస్తే ఏడు లక్షలు పోతాయి. ఉద్యోగం సంగతి వేరే.

మధ్యాహ్నం భోజనం అయ్యాక నాన్నకు ఫోన్ చేశాను. కల్లంలో మిరపకాయలు ఆరబోశారట. మాటల్లో అడిగాను, మిరపకు నల్లతామర పురుగు వచ్చిన ఏడు మనకు ఎంత పోయింది నాన్నా అని.

"2021 సంగతా? ఎకరన్నర మిరప పీకించేశాం కదరా. పత్తి, దాంట్లో వేసిన కంది ఉన్నాయి గనక మందుల కొట్టు బాకీ తీరింది," అన్నారు. తర్వాత పక్క పొలం వాళ్ళ సంగతి చెప్పారు. ఆరెకరాలు కౌలుకు తీసుకుని మొత్తం మిరపే వేశారట. ఒకటి దెబ్బతిన్నా ఇంకొకటి నిలబడుతుందని సగం తేజ రకం, సగం 334 రకం వేశారట. "తేజ వేసినా, 334 వేసినా పురుగుకు పూత పూతే కదరా," అన్నారు నాన్న.

ఫోన్ చేతిలో పట్టుకునే నోటుబుక్కు వైపు చూశాను. నా నాలుగు ఐటీ కంపెనీలూ అంతే. పేర్లు వేరు, క్లయింట్లు ఉండేది ఎక్కువగా అమెరికాలోనే. అక్కడ ఖర్చు తగ్గిస్తే నాలుగింటికీ ఒకేసారి తగులుతుంది. ఐదు బ్యాంకులదీ అదే వరస, అప్పులు మొండిబాకీలయ్యే కాలం వస్తే ఏదీ పూర్తిగా తప్పించుకోదు.

మరి మిరప మానేస్తే నయం కదా అన్నాను. నాన్న ఒప్పుకోలేదు. "మిరప లేకపోతే నీ ఇంజనీరింగ్ ఫీజు ఎక్కడిదిరా? కంది తిండికి, మిరప డబ్బుకు. కాకపోతే పోయినా తట్టుకునేంత చెక్కలోనే వెయ్యాలి," అన్నారు.

ఆ మాట నిజమే. ఈ ఫ్లాటుకు డౌన్ పేమెంట్ కట్టింది ఒక్క కంపెనీ షేర్ల లాభంతోనే. ఆ డబ్బును అప్పట్లో 27 ముక్కలు చేసి ఉంటే అంత వచ్చేది కాదు. ఆఫీసులో ఒక మిత్రుడికి నాలుగే కంపెనీలు. ఒక్కోదాని వార్షిక నివేదిక పెన్సిల్ పట్టుకుని చదువుతాడు. అతన్ని చూస్తే నాకు గౌరవం. అయితే అతని భార్యది ప్రభుత్వ ఉద్యోగం, ఇంటి మీద అప్పు లేదు. అతని నాలుగు, నా నాలుగు ఒకటి కాదు.

సాయంత్రం టీ తాగుతూ నిర్ణయాలు రాసుకున్నాను. ముందు మా కంపెనీ షేర్ల వాటా 24 నుంచి 10 శాతానికి తేవాలి. మామూలు మ్యూచువల్ ఫండ్ పథకం ఒక కంపెనీ షేర్లలో 10 శాతానికి మించి పెట్టకూడదని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. అదే పనిగా పెట్టుకున్న ఫండ్ మేనేజర్లకే ఆ గీత ఉంటే నాకూ ఉండాలి. అంటే సుమారు 5 లక్షల 30 వేల విలువైన షేర్లు అమ్మాలి. ఏడాది దాటిన షేర్ల లాభంలో ఒక ఆర్థిక సంవత్సరానికి లక్షా పాతిక వేల దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. అందుకని లాభం ఆ పరిమితి దాటకుండా కొంత ఈ నెల 31 లోపు అమ్ముతాను. డీమ్యాట్‌లో ముందు కొన్నవే ముందు అమ్ముడైనట్టు లెక్క కాబట్టి, పాత ధర చూసుకుని మరీ సంఖ్య తేల్చుకోవాలి. కొత్త ఆర్థిక సంవత్సరం మొదలైనా రెండో విడత ఏప్రిల్ ఒకటినే అమ్మడం కుదరదు. త్రైమాసికం ముగియగానే మాకు ట్రేడింగ్ విండో, అంటే సొంత కంపెనీ షేర్లు కొనే, అమ్మే వీలు, మూసేస్తారు, ఫలితాలు వచ్చిన 48 గంటల తర్వాతే తెరుస్తారు. ఆలోగా ధర పడిపోతే పడిపోనీ, దానికి టెన్షన్ పడను.

మొదటి విడత డబ్బు అబ్బాయి ఫీజుకు ఎఫ్‌డీలో వేస్తాను. ఆగస్టులో కట్టాల్సిన డబ్బు షేర్లలో ఉంచడమే తప్పు. రెండో విడత నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లోకి, అంటే నిఫ్టీ 50 కంపెనీలను సూచీలో ఉన్న పాళ్ళలోనే కొనే ఫండ్‌లోకి. అందులో 50 కంపెనీలున్నా సగానికి పైగా బరువు మొదటి పదింటిదే, మూడో వంతుకు పైగా బ్యాంకులు, ఆర్థిక సంస్థలదే. ఈసారి ఆ సంగతి తెలిసే వెళ్తున్నాను. అందుకే ఐదు బ్యాంకుల్లో మూడింటిని తర్వాత తగ్గించాలి.

ఇక ఆ చిన్న పద్నాలుగు. తొమ్మిదింటి మీద గీత కొట్టేశాను. నాలుగింటి వార్షిక నివేదికలు చదివాక చూస్తాను. చివరిది ఆరువేల రూపాయల షేరు, అబ్బాయి మొదటి పుట్టినరోజున వాడి పేరు తలుచుకుని కొన్నది. మా ఆవిడ అది చూసి కలం పక్కన పెట్టించింది. దాన్ని అలాగే ఉంచేశాం.