గడ్డ తీశాక మాట కోసం

పక్షవాతం వస్తే పసరు మందు పోయించాలని నమ్మేవాళ్లు మా బంధువుల్లో ఇంకా ఉన్నారు. నాకు వచ్చిన రోజున కూడా ఆ మాట ఎత్తారట. మా అమ్మాయి ఎవరి మాటా వినకుండా 108కి ఫోన్ చేసింది. రక్తనాళాల్లోకి గొట్టం పంపి వైద్యం చేసే క్యాథ్‌ల్యాబ్, న్యూరో డాక్టర్లు ఉన్న పెద్దాసుపత్రికే తీసుకెళ్లాలని పట్టుబట్టింది. దాని మొండితనమే నన్ను బతికించింది.

మెదడు ఎడమవైపు పెద్ద రక్తనాళంలో రక్తపు గడ్డ అడ్డం పడింది. మూతి వంకరపోయింది, కుడి చెయ్యి, కాలు పడిపోయాయి, నోట మాట లేదు. ఇలాంటప్పుడు నిమిషానికి సుమారు 19 లక్షల మెదడు కణాలు చనిపోతాయని డాక్టర్ల అంచనా. ముందు గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇచ్చారు. లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు వెళ్తేనే మామూలుగా ఆ మందు ఇస్తారు. పెద్ద గడ్డలు చాలాసార్లు దానికి లొంగవు. అందుకే గజ్జల దగ్గరి రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పైకి పంపి, స్టెంట్‌తో గడ్డను పట్టి లాగేశారు. ఈ థ్రాంబెక్టమీ మేలు 2015లో వచ్చిన అధ్యయనాలతో రుజువైంది. కాపాడగలిగిన మెదడు ఇంకా ఉందని స్కాన్‌లో తేలితే కొందరికి 24 గంటల వరకూ చేస్తారు.

కాలు త్వరగానే కదిలింది. గండం గడిచిందని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మాట మాత్రం రాలేదు.

ఎదుటివాళ్లు అనేది చాలావరకు అర్థమయ్యేది. నీళ్లు కావాలని అడగబోతే 'చీర' అని వచ్చేది. మాది బట్టల కొట్టు, నాలుక మీద ఆ మాటే ఉండిపోయిందేమో. చూడవచ్చినవాళ్లు నాకు చెవుడు వచ్చినట్టు గట్టిగా అరిచేవారు. "పాపం, మతి పోయింది" అని నా ముందే అనుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లు వెళ్లాక గోడవైపు తిరిగి ఏడ్చేదాన్ని.

స్పీచ్ థెరపీ అమ్మాయి ఒకరోజు "అమ్మా, తెలుగు నెలలు చెప్పండి" అని, 'చైత్రం' అని తనే అందించింది. వైశాఖం, జ్యేష్ఠం, ఆషాఢం... ఫాల్గుణం దాకా గడగడా చెప్పేశాను! మా ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆ వెంటనే గ్లాసు చూపించి ఇదేమిటని అడిగితే నోరు పెగల్లేదు. చిన్నప్పటినుంచి వరసగా అలవాటైనవి, పాటలు మిగిలి ఉంటాయని, వాటిని పట్టుకునే మిగతా మాటలు రాబట్టాలని ఆ అమ్మాయి చెప్పింది. ఆ తర్వాత ఇంట్లో రోజూ అదే పని. భజన పాడుతూ మధ్యలో ఆపేవారు, తర్వాతి మాట నేను అందుకోవాలి.

గుండె లయ తప్పడంవల్ల అక్కడ గడ్డ కట్టి మెదడుకు చేరిందట. ఇప్పుడు రక్తం పలచబడే మాత్ర పొద్దునా రాత్రీ తప్పనిసరి.

మళ్లీ కొట్లో కూర్చుంటున్నాను. జాకెట్ ముక్క కత్తిరించేటప్పుడు కుడిచేతి వేళ్లు ఇంకా మొండికేస్తాయి. సాయంత్రానికి అలసిపోతే మాటలు తడబడతాయి. అప్పుడు నా మాట మీరు పూర్తి చెయ్యకండి, కాస్త ఆగండి. ధర నేనే చెబుతాను.