పెన్సిల్ గీతలతో వాక్యం చేతికొచ్చింది

డిగ్రీ దాకా నాది తెలుగు మీడియమే. ఎల్‌ఎల్‌బీలో చేరాక రాజ్యాంగాన్ని ఇంగ్లీషులో చదవాల్సి వచ్చింది. మాటల అర్థాలు విడివిడిగా తెలిసినా వాక్యం మాత్రం చేతికి చిక్కేది కాదు. 2002లో 86వ సవరణతో చేర్చిన 21-ఎ అధికరణం చిన్నదే. దాన్ని నాలుగుసార్లు చదివి వదిలేశాను.

లైబ్రరీలో నా పక్కన కూర్చునే సీనియర్ అక్క గమనించి, "చివర్నుంచి ఎందుకు చదువుతున్నావమ్మా?" అంది. నిజమే. తెలుగులో క్రియ చివర వస్తుంది కదా, నేను ఫుల్‌స్టాప్ దాకా పోయి అక్కణ్ణుంచి వెనక్కి తెలుగు చేసుకుంటూ వచ్చేదాన్ని. మొదటికి చేరేసరికి చివరిది మర్చిపోయేదాన్ని. అక్క పెన్సిల్ తీసుకుని నా పుస్తకంలోనే గీతలు పెట్టింది:

ద స్టేట్ షల్ ప్రొవైడ్ / ఫ్రీ అండ్ కంపల్సరీ ఎడ్యుకేషన్ / టు ఆల్ చిల్డ్రన్ / ఆఫ్ ది ఏజ్ ఆఫ్ సిక్స్ టు ఫోర్టీన్ ఇయర్స్ / ఇన్ సచ్ మ్యానర్ / యాజ్ ద స్టేట్ మే, బై లా, డిటర్మిన్.

"గీత దగ్గర ఆగి ఒక ప్రశ్న వేసుకో" అంది. రాజ్యం ఇవ్వాలి. ఏమివ్వాలి? ఉచిత నిర్బంధ విద్య. ఎవరికి? పిల్లలందరికీ. ఏ వయసువాళ్లకి? ఆరు నుంచి పద్నాలుగేళ్లవాళ్లకి. ఎలా? చట్టం చేసి తాను నిర్ణయించే పద్ధతిలో. ఒక్కసారి కూడా వెనక్కి చూడకుండా వాక్యం పూర్తయింది. ఆ సంతోషం ఇప్పటికీ గుర్తే.

ఎక్కడ గీయాలన్నదే అసలు పని. మొదట్లో రెండు మాటలకో గీత పెట్టేశాను. 21వ అధికరణంలో 'పర్సనల్'కీ 'లిబర్టీ'కీ మధ్య గీత పడి అర్థం చెడింది. మెల్లగా చెయ్యి కుదిరింది. టు, ఇన్, బై లాంటివాటికి ముందు ఆగుతాను. విచ్, హూ, ఇఫ్ వస్తే తప్పకుండా ఆగుతాను. 'ఆఫ్' దగ్గర మాత్రం చూసుకోవాలి. 'పీపుల్ ఆఫ్ ఇండియా'ని విడదీయకూడదు, అది ఒకటే ముక్క.

అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది రాజ్యాంగ ప్రవేశికకి. అదంతా ఒకే వాక్యం! 'వి, ద పీపుల్ ఆఫ్ ఇండియా' అని కర్త మొదట్లోనే ఉంది, 'అడాప్ట్, ఎనాక్ట్ అండ్ గివ్' అనే క్రియలేమో ఎక్కడో చివర. నడుమ న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం. ఆ నడుమదంతా బ్రాకెట్లో పెట్టి ముందు రెండు కొసలూ కలిపి చదివాను: భారత ప్రజలమైన మేము ఈ రాజ్యాంగాన్ని ఆమోదించి, శాసనం చేసి, మాకు మేమే ఇచ్చుకుంటున్నాం. బడిపుస్తకాల్లో ఏళ్లతరబడి చూసిన వాక్యమే అది. కళ్లు చెమర్చాయి.

ఇప్పుడు కోర్టు తీర్పులు చదువుతున్నాను. అరపేజీ వాక్యం ఎదురైతే ముందు కర్త కింద, క్రియ కింద గీత పెట్టాకే మిగతా ముక్కల జోలికి వెళ్తాను.